టీచరు చేత్తో చూడాల్సిన కుండ

మా మట్టి క్లాసు టీచరు పోయారు.

కబురు వచ్చినప్పుడు నా చేతులు మోచేతుల దాకా మట్టిలో ఉన్నాయి. ఇందులో కవిత్వం వెతకవద్దని పాఠకులకు మనవి. మైపాడు రోడ్డులోని మా షెడ్డుకు ఆ పొద్దున కరెంటు లేదు. చక్రాలు తిరగవు, మోటారు ఆడదు, చేతులు కడుక్కోవడానికి నీళ్లు రావు. అంచేత ఊరికే మట్టి పిసుకుతూ కూర్చున్నాను. ఫోను మోగింది. మా క్లాసులోనే చేపలమ్ముకునే ఒకావిడ నేర్చుకుంటోంది. మా అందరికీ ఆమె చేపలక్క. తన చేతులు చెంగుకు తుడుచుకుని, నా జేబులోంచి ఫోను లాగి, స్పీకరు పెట్టింది. అవతల టీచరు తమ్ముడు.

"మా అక్క పోయిందబ్బయ్యా. టీ అడిగింది. కాచి తెచ్చేలోపల పోయింది."

ఫోను కట్టయ్యాక కూడా చేపలక్క దాన్ని నా చెవి దగ్గరే పట్టుకుని నిలబడిపోయింది. చాలాసేపటికి, "ఆ టీ తాగేసన్నా పోగూడదా మహాతల్లి" అంది.

టీచరుకు తొందర ఎక్కువ అని ఆమె శత్రువులు కూడా అనలేరు. బట్టీ పూర్తిగా చల్లారకముందే తలుపు మీద చెయ్యి వేసిన వాళ్లను చీపురు పట్టుకుని షెడ్డు చుట్టూ తరిమిన మనిషి ఆమె. అలాంటి మనిషి, నా కుండ ఒకటి చూసి తీర్పు చెప్పాల్సి ఉండగా, చెప్పకుండా బయలుదేరిపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తోంది. సంతాప వ్యాసంలో సొంత కుండ గోడు ఏమిటని మీరు అడగవచ్చు. ఆమె గురించి ఏం చెప్పబోయినా మధ్యలో ఒక కుండ వచ్చి కూర్చుంటుంది. నేనేం చేసేది?

ఆమె సర్కారు హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. రిటైరైన వాళ్లు కాశీకి పోతారు, మోకాళ్ల డాక్టరు దగ్గరికి పోతారు. ఆమె మూతబడిన ఐసు ఫ్యాక్టరీ ఒకటి అద్దెకు తీసుకుని, అందులో కరెంటు చక్రాలు, గ్యాసు బట్టీ పెట్టి, కుండలు చేయడం నేర్పుతానని బోర్డు కట్టారు. "మా అక్క పెన్షన్ తీసుకుని నీడన కూర్చుంటాదనుకున్నా. బట్టీ ముందర కూర్చునింది" అని తమ్ముడు వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేవారు. చెప్పుకుంటూనే గ్యాసు సిలిండర్లు ఆయనే మోసుకొచ్చేవారు. చీర మీద ఆ తమ్ముడి పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, చేతులు మడిచి, జుట్టుముడిలో ఒక వెదురు పుల్ల దోపుకుని తిరిగేవారామె. ఆ పుల్ల కుండల మీద గీతలు పెట్టడానికి. అప్పుడప్పుడు మా వేళ్ల మీద కూడా.

నేను ఆ క్లాసులో చేరింది కళాతృష్ణతో. అంటే, చక్రం ముందు కూర్చుని మట్టి తడుముతూ ఒక రీల్ తీసుకుంటే బాగుంటుందనే తృష్ణ.

"ఏం చదివినావు?" అని అడిగారు మొదటిరోజు.

"బీటెక్ టీచర్. మెకానికల్."

"అయితే తిరిగేవాటి సంగతి తెలిసే ఉంటాది. కూర్చో."

ముద్ద చేతికిచ్చారు. ఆ ముద్ద చక్రానికి సరిగ్గా నడిమధ్యన కుదురుకోవాలి. అది కుదిరితేనే తక్కినవన్నీ. నా ముద్ద కుదురుకోలేదు. కాసేపు ఊగింది, కాసేపు ఎగిరింది, చివరికి చక్రాన్ని వదిలిపెట్టి ఐసు ఫ్యాక్టరీ గోడకు అతుక్కుంది. టీచరు గోడ దగ్గరికి పోయి, కళ్లజోడు సర్దుకుని, దాన్ని శ్రద్ధగా పరిశీలించారు.

"పిడకలు కొట్టే క్లాసు ఇది కాదబ్బయ్యా. అడ్రసు తప్పినట్టుండావు."

తర్వాత నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. "ఊగేది ముద్ద కాదు, నువ్వు. మోచేతులు తొడలకు ఆనించు. కదలబాక. ఊపిరి మాత్రం పీల్చుకో, మళ్లీ మీ అమ్మకు నేను జవాబు చెప్పుకోవాల."

ఆరోజు రీల్ తీయలేదు. ఆ తర్వాతా తీయలేదు. ఫోను తీయడానికి చేతులు ఎప్పుడు ఖాళీగా ఉన్నాయి గనక?

ఇప్పుడు ఆమె తీర్పుల సంగతి చెప్పాలి. టీచరు నోట మూడు తీర్పులే వచ్చేవి. "తొట్టి" అంటే ఆ కుండ మళ్లీ మట్టి అయిపోవాలి. నానబెట్టే తొట్టిలో పడేయాలి. "చూద్దాం" అంటే కిటికీ కింద బల్ల మీద పెట్టాలి. మూడోది "అలమర". ఐసు ఫ్యాక్టరీ వాళ్లు వదిలేసి పోయిన టేకు అలమర ఒకటి ఆమె కుర్చీ వెనక ఉండేది. బట్టీలో కాలి, గాజులా మెరిసే పూత నిలిచి, ఆమెకు నచ్చిన వాటికే అందులో చోటు. తీర్పు చెప్పే ముందు కళ్లు మూసుకునేవారు. ఒక చెయ్యి కుండ లోపల, ఒక చెయ్యి బయట పెట్టి అడుగు నుంచి మూతి దాకా నిదానంగా తడిమేవారు. "కళ్లతో చూస్తే రంగు అడ్డమొస్తాది" అనేవారు. చేత్తో చూడటమంటే అది. ఆ కాసేపూ షెడ్డులో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. నేను కూడా.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. మట్టి, పూత సామాను బస్తాల్లో ఎక్కడెక్కడి నుంచో కొని తెప్పించుకోవచ్చు. ఆమె ఒప్పుకోలేదు. "ఈ తీరంలో దొరికేదాంతో చేయలేకపోతే క్లాసు ఈడ ఎందుకు, టౌన్లో పెట్టుకోవచ్చు గదా" అని, ఏరు సముద్రంలో కలిసే చోటు నుంచి మా చేతనే మట్టి తవ్వించారు. నల్లటి నున్నటి మట్టి. కుండలు అద్భుతంగా వచ్చాయి. అలమర నిండింది. నావి తప్ప.

అప్పుడు వానలు మొదలయ్యాయి. ఒకరోజు అందరం పనిలో ఉండగా అలమరలోంచి టప్‌మని శబ్దం. బల్లి అనుకున్నాం. మళ్లీ టప్. ఎలుక అనుకున్నాం. సాయంత్రానికి అలమరంతా మొదలుపెట్టింది. ఎవరూ ముట్టుకోకుండానే కుండల ఒంటి మీద నుంచి పెచ్చులు ఎగిరి కింద పడుతున్నాయి. దేవుడి పటాలు ఎవరైనా తీసి కింద పెట్టారా అని ఒకావిడ వెతకడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే చేపలక్క వాకిట్లో గంప దించింది. అప్పటికి ఆమె క్లాసులో చేరలేదు. రోజూ ఆ దోవన పోతూ టీచరుకు చేపలిచ్చి, మా వైపు జాలిగా చూసి పోయేది.

"ఏంది టీచరమ్మా, మీ కుండలు పొయ్యి మీద మంగళంలో ఏయించే శనక్కాయలు పేలినట్టు పేలతా ఉండాయే!"

టీచరు ఒక పెచ్చు ఏరి అరచేతిలో పెట్టుకున్నారు. మధ్యలో తెల్లటి చుక్క. "గవ్వ ముక్క" అన్నారు. "మనం మట్టిని సరిగా జల్లించలా. బట్టీలో కాలి సున్నమై కూర్చునింది. వానగాలి తగిలేసరికి ఉబ్బి తంతా ఉండాది."

నెలల పని నేల మీద పెచ్చులై పడి ఉంది. మేమందరం శవజాగరణ మొహాలు పెట్టాం. టీచరు మాత్రం అలమర ముందు పీట వేసుకుని, ఒక్కో టప్‌కూ ఒక్కోసారి నవ్వుతూ కూర్చున్నారు.

"చెంచాడంత గవ్వ ఇంత రచ్చ చేస్తా ఉంటే, దీన్ని ఊరికే వదిలేదెందుకు? మట్టిలో ఉంటే తంతాది. పూతలో పెడితే కరుగుతాది."

అలా మొదలైంది మా గ్లేజు యజ్ఞం. సముద్రం ఒడ్డున గవ్వలు ఏరి, కడిగి, కాల్చి, పొడి కొట్టాం. విడవలూరు వైపు రైసుమిల్లుల నుంచి ఊక బూడిద బస్తాలు మోసుకొచ్చి ఉప్పు పోయేదాకా కడిగి ఆరబెట్టాం. రెండిటికీ ఇంత మట్టి కలిపి, మజ్జిగలా చేసి, కాల్చిన బిళ్లలను అందులో ముంచి, బట్టీలో పెట్టాం. పాళ్లు మార్చి మళ్లీ, మళ్లీ. బయటికొచ్చిన రంగులకు పేర్లు పెట్టే బాధ్యత నాకు దక్కింది. గజ్జి. ఎండిన గంజి. పెదనాన్న గడ్డం. టీచరు ఆ పేర్లను ఎంతో గంభీరంగా వాడేవారు. "పెదనాన్న గడ్డంలో ఇంకాస్త గవ్వ పడాల" అని ఆమె చెబుతుంటే, బయటి నుంచి వచ్చిన వాళ్లు మమ్మల్ని చూసి మెల్లగా వెనక్కి తిరిగి పోయేవారు.

ఒకరోజు బట్టీ తెరిచాం. తేనె రంగు. పూత చేరి నిలిచిన చోట, అడుగున, మడతల్లో, లేత ఆకుపచ్చ. ఇంకా వెచ్చగా ఉన్న గిన్నెలు చల్లగాలి తగిలి సన్నగా టింగు టింగుమంటున్నాయి. నేను పేరు పెట్టబోయాను. "గమ్మున ఉండు" అన్నారు టీచరు. ఆ రంగుకు ఇప్పటికీ పేరు లేదు.

చేపలక్క ఒక గిన్నె ఎత్తి, తిప్పి చూసి, పెదవి విరిచింది. "చూసేదానికి బాగుండాది. పులుసుకు తట్టుకుంటాదా? మా పులుపుకు సత్తు గిన్నెలే నల్లబడిపోతాయి."

"తెచ్చి పొయ్యి. చూద్దాం."

"రేత్రంతా ఉంచాల. పులుసు మర్నాడు గదా తినేది."

"ఉంచు. నేనేం పారిపోతానా?"

మామిడికాయ వేసిన వంజరం పులుసు ఆ గిన్నెలో ఒక రాత్రి గడిపింది. మర్నాడు క్లాసుకు ఎవరూ ఆలస్యంగా రాలేదు. టీచరు పులుసును వేరే దాంట్లోకి వంపించి, గిన్నె కడిగించి, కళ్లు మూసుకుని లోపలంతా తడిమారు. పులుపు తిన్న పూత గరుకు తేలుతుంది. తేలలేదు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పట్టారు. మెరుపు మెరుపులాగే ఉంది.

"అలమర" అన్నారు.

మేం ఈలలు వేశాం. ఐసు ఫ్యాక్టరీ చరిత్రలో అంత వేడి ఎప్పుడూ పుట్టి ఉండదు. చేపలక్క మాత్రం నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "గిన్నె సంగతి సరే. పులుసెట్టుండాదో చెప్పరేం టీచరమ్మా?"

టీచరు అన్నం కలుపుకుని ఒక ముద్ద తిని, మళ్లీ కళ్లు మూసుకున్నారు. "దీనికి అలమర చాలదమ్మాయ్. బీరువా కొనాల."

ఆ మాటకు పడిపోయి మర్నాటి నుంచీ చేపలక్క క్లాసులో చేరింది. చేరిన కొత్తలోనే టీచరు దగ్గరున్న భయంకరమైన అలవాటు ఆమె కంటపడింది. ఎవరైనా పచ్చి కుండ బాగా చేసి మురిసిపోతూ ఉంటే, టీచరు వెనక నుంచి వచ్చి, సన్నటి తీగతో దాన్ని నిలువునా రెండు చెక్కలుగా కోసేవారు. గోడ మందం అడుగు నుంచి మూతి దాకా ఒకే తీరుగా వచ్చిందో లేదో చూడటానికి. చేపలక్క చేసిన మొదటి మంచి కుండకు అదే గతి పట్టింది.

"అయ్యయ్యో! ఇంత కష్టపడితే కోసేస్తారా? చేపనుకున్నారా ఏంది!"

"చేపను కొయ్యకుండా లోపల ఎట్టుండాదో ఎట్ట తెలుస్తాది?"

"మేం మొప్పలెత్తి చూసి చెప్పేస్తాం."

"కుండలకు మొప్పలు పెట్టే రోజు నేనూ కొయ్యనులే. ఇటు చూడు, ఈడ మందం, ఈడ పలచన. ఈడే పగులుతాది."

ఒక పండగ ముందు చేపలక్క చేసిన పళ్లెం అలమర ఎక్కింది. ఆరోజు మైపాడులో ప్రతి ఇంటికీ ఆ వార్త చేరిందని నా అనుమానం. అప్పటికి క్లాసులో అలమరలో ఒక్కటీ లేని వాణ్ణి నేనొక్కణ్ణే. నా కుండలు చివరి నిమిషం దాకా మర్యాదగా నిలబడి, మెడ తీసే సమయానికి పక్కకు ఒరిగేవి. "నీకు నోరు బాగా తిరగతాదిరా ఇంజినీరూ. చక్రం మీద చెయ్యి కూడా అట్ట తిరిగితే ఎంత బాగుణ్ణో" అనేవారు టీచరు. వేళాకోళంగా రాస్తున్నాను గానీ, ఆమె కుర్చీ వెనక ఆ అలమరలో నాది ఒక్క కుండ కూర్చుంటే చాలని నాకు నిజంగా ఉండేది. ఇంట్లో వాళ్లు నా గురించి కోరుకునే వాటి పట్టీలో అది లేదు కాబట్టి ఎవరికీ చెప్పుకోలేదు.

ఒకసారి పెద్ద కుండ ఒకటి, పొద్దంతా చేసింది, నా చేతుల్లోనే కూలిపోయింది. లేచి నిలబడి, "నేను మానేస్తున్నా టీచర్" అని ప్రకటించాను. గొంతు వణికేటట్టు చూసుకున్నాను. ఎవరైనా బతిమాలాలి కదా.

టీచరు తలెత్తలేదు. "మానెయ్. పొయ్యేముందు తొట్టిలో మట్టి తీసి పిసికి పెట్టి పో. రేపటికి కావాల."

కోపంగా పిసికాను. తొట్టిలో ఉన్నదంతా నా పాత కుండలే. పిసికీ పిసికీ చేతులు పడిపోయాయి, కోపమూ పడిపోయింది. మట్టి మాత్రం మైనంలా తయారైంది. అంత మంచి మట్టిని ఇంకెవడికో వదిలిపెట్టి పోవడం ఏమిటని, ఒక ముద్ద తీసి చక్రం మీద పెట్టాను. టీచరు అప్పుడు కూడా తలెత్తలేదు. వెదురు పుల్లతో తల గోక్కున్నారు, అంతే. చేపలక్కను అడిగితే, ఆమెనూ రెండుసార్లు అట్టాగే ఆపారట.

టీచరు ఆరోగ్యం తగ్గుతోందని మాకు తెలుస్తూనే ఉంది. చొక్కా వదులైంది. పీట మానేసి కుర్చీకే పరిమితమయ్యారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నా కుండ ఒకటి ఒరగకుండా నిలబడింది. గుండ్రటి పొట్ట, సన్నటి మెడ. పచ్చిగా ఉన్నప్పుడు ఆమె తీగ పట్టుకుని దాని చుట్టూ తిరిగారు. నేను దేవుళ్లకు మొక్కుకున్నాను. తీగ చుట్టి జేబులో పెట్టుకుని, "చూద్దాం. ఆరనీ" అన్నారు. దాన్ని బట్టీకి ఎక్కించేనాటికి ఆమె నెల్లూరు ఆస్పత్రిలో ఉన్నారు. పేరులేని ఆ తేనె రంగు పూతలో కుండను మేమే ముంచాం. ఫోన్లో ఆమె చెబుతుంటే బట్టీ మేమే కాల్చాం. తొందరపడి తలుపు తీయలేదు. కుండ బయటికొచ్చింది. ఫోటో తీసి పంపించాను. ఆమె గొంతు మెసేజిగా వచ్చింది.

"ఫోటోలో అందరూ అందగాళ్లేరా. నేనొచ్చి చేత్తో చూస్తా. అంతదాకా దాన్ని కిటికీ కింద బల్ల మీదే ఉంచు."

ఆమెను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేశాక, కుండ నేనే అక్కడికి తెస్తానన్నాను. "పరీక్షకు పిల్లలు రావాలిగానీ, పరీక్ష పిల్లల ఇంటికి పోతాదా? నేనే షెడ్డుకు వస్తా" అన్నారు. ఇందులో పిల్లలెవరో, పరీక్ష ఏదో నాకు అర్థం కాలేదు. మంచం మీద ఉన్న మనిషితో వాదించలేకపోయాను. ప్రతిరోజూ రేపొస్తానన్నారు. ఒక రేపు ఉదయం టీ అడిగారు.

మేం టీచరు ఇంటికి చేరేసరికి కర్మ చేయించే పెద్దాయన వచ్చేసి ఉన్నాడు. టీచరు తమ్ముడు నన్ను పక్కకు పిలిచారు. "నేనే తలకొరివి పెట్టాల. కుండ ఒకటి కావాలబ్బయ్యా. బజారుకు పొయ్యి పట్రా."

చేపలక్క వినింది. "షెడ్డు నిండా కుండలు పెట్టుకుని టీచరమ్మకు బజారు కుండా? లేచి మన మొహాన ఊస్తాది."

ఎంత సబబుగా ఉంది! అందరం తలలూపాం. ఇన్నాళ్లుగా ఆమె దగ్గర చదువుకున్న వాళ్లం, శ్మశానానికి పోయే కుండ ఎందుకు పోతుందో, అక్కడ దాన్ని ఏం చేస్తారో ఒక్కరం కూడా ఆలోచించలేదు. ఆలోచించే అలవాటు పోయింది. కుండ అంటే పగలకూడదు. మా చదువంతా ఆ ఒక్క ముక్కే.

షెడ్డులో వెతికితే అలమర నిండా కప్పులు, పళ్లేలు, పులుసు గిన్నెలు. కుండ అనదగ్గది కిటికీ కింద బల్ల మీద ఒక్కటే ఉంది.

"అది టీచరు ఇంకా చూడలేదు" అన్నాను.

"తీసుకుపోదాం పా" అంది చేపలక్క. "అట్టనే చూస్తాది."

ఆడవాళ్లు రాకూడదని పెద్దాయన అన్నాడు. క్లాసులో ముప్పాతిక మంది ఆడవాళ్లే. "ఆ శ్మశానం దాటుకునే రోజూ చేపలమ్మబోతా. నన్నెవురాపేది?" అని చేపలక్క ముందు నడిచింది. తక్కినవాళ్లు ఆమె వెనక నడిచారు.

సరుగుడు తోపు దాటితే ఇసుక, ఇసుక అవతల పడవలు, పడవల అవతల సముద్రం. చితి పేర్చారు. టీచరు తమ్ముడు నీళ్లు నింపిన నా కుండను భుజాన పెట్టుకుని ప్రదక్షిణం మొదలుపెట్టారు. వెనక పెద్దాయన కొడవలితో నడిచాడు. ఒక్కో చుట్టుకూ కుండకు ఒక చిల్లు పెట్టాలి, నీళ్లు ధారగా కారాలి. కొడవలి మొనతో పొడిచాడు.

ఠంగ్‌మంది. గుడిగంట కొట్టినట్టు.

చిల్లు పడలేదు. పెద్దాయన మళ్లీ గట్టిగా పొడిచాడు. ఆగి, కొడవలి కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. మొన వంగింది.

"ఏమైంది?" అన్నారు తమ్ముడు, తల తిప్పకుండా.

"ఏం కాలా. నువ్వు నడువు."

పన్నెండు వందల డిగ్రీల్లో కాలిన కుండ అది. పెద్దాయన చేసేదిలేక, చుట్టుకోసారి కుండను వెనక నుంచి కాస్త వంచి నాలుగు చుక్కలు కింద పోశాడు. చివరి చుట్టు అయింది. "ఇంక ఎనక్కి వదిలెయ్. తిరిగి చూడబాక" అన్నాడు.

తమ్ముడు భుజం మీద నుంచి వదిలేశారు. కుండ ఇసుకలో దభీమని పడి, సగం చుట్టు దొర్లి, ఆగింది.

పగిలిన చప్పుడు లేదు. అలాంటి చోట ఒక మనిషికి ఏం అనిపించకూడదో సరిగ్గా అదే నాకు అనిపిస్తోంది. ఛాతీ ఉబ్బుతోంది. దగ్గి సర్దుకున్నాను.

"పగిలిందా?" తమ్ముడు సరుగుడు చెట్ల వైపు చూస్తూ అడిగారు.

అందరం కుండ వైపు చూశాం.

"పగిలిందా లేదా చెప్పండబ్బా!"

"లేదన్నా" అంది చేపలక్క చిన్న గొంతుతో.

పెద్దాయన కుండ తెచ్చి మళ్లీ ఆయన భుజాన పెట్టాడు. "కుండ పగిలితేనే ఆమెకు ఈ లోకంతో తెగినట్టు. ఈసారి గట్టిగా ఇసురు." ఆయన గట్టిగానే విసిరారు. కుండ ఇంకాస్త దూరం దొర్లింది. రాయి మీద కొడదామని ఒకాయన రాయి కోసం బయలుదేరాడు. మైపాడు ఇసుకలో రాయి దొరకడం కన్నా ముత్యం దొరకడం సులువు. చేపలక్క మొగుడు పడవ దగ్గర నుంచి కేకేశాడు, "లంగరు తెచ్చేదా?"

పెద్దాయన కుండను రెండు చేతుల్తో ఎత్తి, తిప్పి తిప్పి చూశాడు. ఎన్ని కుండలు పగలగొట్టించాడో ఆయన తన జన్మలో.

"ఎవురబ్బా దీన్ని చేసింది?"

అందరూ నా వైపు చూశారు. చెయ్యెత్తాను, బళ్లో ఎత్తినట్టు.

చేపలక్క ముందు నవ్వింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది, అయినా నవ్వు ఆగలేదు. పక్కనున్నావిడ నవ్వింది. అందరం, చితి ముందు, కళ్లనీళ్లు కారుతుండగా, పొట్టలు పట్టుకుని నవ్వాం. అటు తిరిగి ఉన్న తమ్ముడి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాం.

"మా అక్క నేర్పించిన కుండ గదయ్యా" అన్నారు, ఊపిరి తిప్పుకుంటూ. "పగలదు. పొద్దుగూకేదాకా ఇసిరినా పగలదు."

పెద్దాయన కుండను నా చేతుల్లో పెట్టాడు. "లంగరొద్దు, ఏమొద్దు. సముద్రానికిచ్చేయండి" అన్నాడు.

తమ్ముడు వెనక్కి చూడకుండానే కొరివి పెట్టి, తోపు వైపు నడిచారు. నేను, చేపలక్క, ఆమె మొగుడు కుండ తీసుకుని నడుం లోతు దాకా దిగాం. అడుగున ఇంకా కాసిని నీళ్లు ఉన్నాయి. అల విరిగే చోటు దాటించి వదిలాం. మునిగిపోతుందనుకున్నాం. ఒక అల వచ్చి దాన్ని పైకెత్తింది. అల దిగిపోయాక కుండ మూతి పైకి పెట్టుకుని అక్కడే ఉంది. ఇంకో అల వచ్చింది. ఇంకాస్త దూరం పోయింది.

శ్మశానం నుంచి పోయేవాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదు. ఆరోజు మేమందరం చూశాం. ఒడ్డున వరసగా నిలబడి, తడిసిన బట్టలతో, చేతులు నుదుటికి అడ్డం పెట్టుకుని చూశాం. వంగిన కొడవలి చంకలో పెట్టుకుని పెద్దాయన కూడా చూశాడు. చూడనిది టీచరు తమ్ముడొక్కరే. తోపు మొదట్లో, మాకు వీపు పెట్టి, ఆగిపోయి ఉన్నారు.

"మునిగిందా?" అని అక్కడి నుంచే అరిచారు.

నీళ్ల మీద తేనె రంగు ఎండకు ఒకసారి మెరిసింది.

"లేదు నాయనా" అన్నాడు పెద్దాయన. "పడవల్ని దాటి పోతా ఉండాది."